గోడకి బాకీ పడిన ముఖం

పెద్దమేస్త్రి ఆ రోజు ఆడింది అబద్ధమా, లేక అబద్ధం వేషం కట్టిన దయా అన్న సందేహం పుర్ర మేస్త్రిని ముప్పై ఆరేళ్ళుగా వదల్లేదు. అబద్ధమే అయితే ఆ పాపం ఎవరిది? ఆడిన ఆయనదా, ఎవరి కోసం ఆడాడో ఆ తనదా? పొద్దున్నే స్నానం చేసి దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు పుర్ర మేస్త్రి అన్నీ విన్నవించుకునేవాడు. పిల్లల కాపురాలు, మోకాళ్ళ నొప్పి, పని దొరకని నెలలు, ఏదీ దాచేవాడు కాదు. ఇదొక్కటి మాత్రం అడిగేవాడు కాదు. అడిగితే ఎక్కడ జవాబు వస్తుందోనని భయం.

ఎడమచేత్తో తాపీ పట్టేవాడు కాబట్టి పుర్రచేతి మేస్త్రి అన్నారు, వాడుకలో అది అరిగి పుర్ర మేస్త్రి అయింది. ఆయనకిప్పుడు అరవై దాటాయి. పట్నంలో సున్నంతో ఇటుక గోడ కట్టడం చేతనైనవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెడితే రెండో వేలు దగ్గర ఆగిపోవాలి. అందుకే పాత తపాలా ఆఫీసు బాగుచెయ్యాలని పైవాళ్ళు తలపెట్టగానే, ఆ పని చూసే ఇంజనీరమ్మ వెతుక్కుంటూ ఇంటికే వచ్చింది. వాకిట్లో నిలబడి, "మీరు రాకపోతే ఆ గోడని ముట్టుకోను మేస్త్రిగారూ" అంది.

ఆ గోడే. ఊళ్ళో అన్ని గోడలుండగా.

తపాలా ఆఫీసు కట్టి నూటపాతికేళ్ళు. వీధి వైపు గోడంతా ముఖం ఇటుక. గోడ లోపల పేర్చే ఇటుక ఎలా ఉన్నా అడిగేవాడుండడు, దానికి ముందూ వెనకా లేవు. ముఖం ఇటుక అలా కాదు. మెత్తటి మట్టిని జల్లెడపట్టి, అచ్చులో నొక్కి, ఒక పక్కని నునుపు చేసి, ఆ పక్కకే సెగ బాగా తగిలేలా బట్టీలో పేర్చి కాలుస్తారు. ఆ పక్కే దాని ముఖం. దాని మీద పూత ఉండదు, రంగు ఉండదు. కట్టడానికి అదే చర్మం, అదే నగ. వాన పడితే నీళ్ళు జారిపోతాయి. వెనక వైపు గరుకుగా, బట్టీలో ఆనించిన చోట నల్లటి మరకలతో ఉంటుంది, వానొస్తే దాహంగా ఉన్న పశువులా తాగేస్తుంది. అందుకని ముఖం ఇటుకని తిరగేసి పెట్టడం మేస్త్రికి చొక్కా తిరగేసుకుని పెళ్ళికి వెళ్ళడం లాంటిది.

ఆ గోడలో ఒక్క ఇటుక తిరగేసి ఉంది. పెద్ద కిటికీ పైన పదకొండో వరుసలో, కుడి నుంచి ఏడోది.

దాన్ని పెట్టింది పుర్ర మేస్త్రే.

అప్పటికాయనకి పాతికేళ్ళు నిండలేదు. ఒక గాలివానకి పక్కనున్న చెట్టు కూలి కిటికీ పై భాగం పడిపోతే, పెద్దమేస్త్రి పని ఒప్పుకున్నాడు. పాత ఇటుకలే ఏరి, గీకి, కడిగి మళ్ళీ కట్టారు. వీధిలో జనం తిరుగుతుంటారని బయట పరంజాలా కట్టిన సారువ కర్రలకి గోనెపట్టాలు దించేసి, మేస్త్రీలు లోపల నిలబడి, గోడ మీదుగా చేతులు చాచి కట్టేవాళ్ళు. ముఖం అవతలికి, వీధి వైపుకి. అలా కట్టేటప్పుడు ఇటుక ముఖం మేస్త్రికి కనపడదు, బొటనవేలితో తడిమి తెలుసుకోవాలి. అందించేవాళ్ళు కుడిచేతి మేస్త్రీల వాటానికి ఇస్తారు కాబట్టి, ఎడమచేతి వాడికి ప్రతి ఇటుకా తిరగబడి వస్తుంది. ప్రతిసారీ తిప్పుకోవాలి. రోజుకి మూడొందల సార్లు తిప్పుకున్నవాడు ఒక్కసారి మరిచిపోయాడు.

సంగతి బయటపడింది గోనెపట్టాలు విప్పిన రోజున. సరిగ్గా ఆ రోజే పై అధికారి చూడ్డానికి వచ్చాడు. ఎర్రగా నిగనిగలాడే గోడ మధ్య ఆ ఇటుక, నవ్వే నోట్లో పుచ్చిపోయిన పన్నులా ఉంది. ఎవడు పెట్టాడిది, వాడిని ఇప్పుడే పనిలోంచి తీసెయ్యండి అని ఆయన చిందులు తొక్కాడు. పుర్రవాడు నోరు తెరిచేలోపు పెద్దమేస్త్రి ముందుకొచ్చి తలపాగా సవరించుకున్నాడు.

"నేనే పెట్టానండి. కావాలనే పెట్టాను. తప్పు లేకుండా చెయ్యడం దేవుడి పని. మనుషులు కట్టిన గోడలో ఒక్కటన్నా తిరగబడి ఉండాలి. మా పనిలో పెద్దలు చెప్పిన మాటండి."

అలాంటి మాట ఏ పెద్దలూ చెప్పలేదు. పుర్రవాడు ఆయన దగ్గర ఎనిమిదేళ్ళు పని నేర్చుకున్నాడు, ఒక్కసారీ వినలేదు. కానీ అధికారి చల్లబడ్డాడు. చల్లబడ్డమే కాదు, ముచ్చటపడి పక్కనున్న గుమాస్తా చేత రాయించుకున్నాడు కూడా.

సాయంత్రం తాపీలు కడుక్కుంటున్నప్పుడు పెద్దమేస్త్రి ఇంకెవరూ వినకుండా అన్నాడు. "ఆ గోడకి నువ్వొక ముఖం బాకీ పడ్డావురా. నేనుండగా మాత్రం తీర్చకు, నా మాట పోతుంది. తర్వాత నీ ఇష్టం."

మరుసటేడు ఆయన తన కూతుర్నిచ్చి పెళ్ళి చేశాడు. గురువుగారు మామగారయ్యాడు. ఆయన పోయి పదకొండేళ్ళయింది. మాట మాత్రం పోలేదు, పోకపోగా దానికి కాళ్ళొచ్చాయి, ఆ తర్వాత రెక్కలొచ్చాయి. మొదట్లో, బాగుచేసిన మేస్త్రి వినయం కొద్దీ పెట్టాడట అనేవాళ్ళు. కొన్నేళ్ళకి మేస్త్రి జారిపోయి, ఆ కట్టడం కట్టిన తొలినాటి వాళ్ళే పెట్టారని చెప్పుకోసాగారు. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు తలలెత్తి వెతుక్కునేవాళ్ళు, దొరకగానే ఫొటో తీసుకునేవాళ్ళు. పుర్ర మేస్త్రి మాత్రం పనికి వెళ్ళాలంటే రెండు వీధులు చుట్టు తిరిగి వెళ్ళేవాడు.

ఇప్పుడు తిన్నగా ఆ ఇటుక ముందుకే సారువ ఎక్కాల్సొచ్చింది.

మొదటి నాలుగు రోజులూ బాగానే గడిచాయి. పాతికేళ్ళ కిందట ఎవరో తెలివితక్కువగా సందుల్లో సిమెంటు పూశారు. అది ఇటుకని ఊపిరాడనివ్వదు. లోపలి చెమ్మ సందుల్లోంచి వెళ్ళలేక ఇటుక ముఖంలోంచే దారి చేసుకుంటుంది, ముఖం పొరలు పొరలుగా రాలుతుంది. ఆ సిమెంటంతా ఉలితో కొంచెం కొంచెంగా గీకి, సున్నపు మాలు నింపాలి. కింద సున్నం కలిపేది ఆయనతో పాటు పెద్దమేస్త్రి దగ్గరే బతుకు మొదలుపెట్టిన మనిషి. ఆయనకన్నా రెండేళ్ళు పెద్ద. అందరికీ సున్నం అక్క. పళ్ళు కొన్ని ఊడాయి గానీ నోరు అలాగే ఉంది. పుర్ర మేస్త్రి పై నుంచి మాలు కాస్త పలచన చెయ్యమని కేక వేస్తే, "నీ పెళ్ళినాటి నుంచీ నీకు అన్నీ పలచనే కావాలి తమ్ముడూ, మీ ఆవిడ పప్పు కూడా అలాగే వండుతుందా?" అని కింది నుంచి జవాబు వచ్చేది.

గోడ కడగడానికి వచ్చినవాళ్ళు యంత్రంతో ఇసుక చిమ్మి రెండు రోజుల్లో కొత్తదానిలా చేసిపెడతామన్నారు. ఇంజనీరమ్మ వాళ్ళకి చెప్పలేక మేస్త్రిని పిలిచింది. ఆయన విరిగిన ముఖం ఇటుక ఒకటి తీసుకుని, దాని ముఖం మీద దోసెడు నీళ్ళు పోశాడు. జారిపోయాయి. వెనక్కి తిప్పి పోశాడు. చుక్క మిగల్లేదు. ఇసుక కొడితే గోడ మొత్తానికి ఈ వెనకవైపే మిగులుతుంది, మురికి పోతుంది గానీ దాంతో పాటు ముఖమూ పోతుంది అన్నాడు. వాళ్ళు యంత్రం సర్దుకుని, మెత్తటి కుంచెలూ నీళ్ళూ పట్టుకొచ్చారు. ఇంజనీరమ్మ నవ్వింది. ఆయన నవ్వలేకపోయాడు. ఆ దోసెడు నీళ్ళు ఎక్కడికి పోయాయో ఆయన చూశాడు.

అయిదో రోజు పదకొండో వరుస దగ్గరికి చేరారు. ఇంజనీరమ్మ దగ్గర ఒక పుస్తకం ఉంది. అందులో గోడంతా గీసి, ప్రతి ఇటుకకీ అంకె వేసుకుంది. ఏడో ఇటుక కింద ఆమె వేలు ఆగింది. దాని కింద మూడు వరుసల దాకా తెల్లటి ఉప్పు చార, ఏడ్చిన కళ్ళ కింద చారలా దిగి ఉంది.

"వెనకవైపు బయటికి ఉంది కదా, వాన తాగుతోంది. తాగింది కింది ఇటుకలకి పోస్తోంది" అని ఆమె తనలో తాను అనుకున్నట్టుగా అంది. "నూటపాతికేళ్ళు తాగి ఉంటే ఈ పాటికి పొడైపోవాలే. ఇంత గట్టిగా ఎలా ఉంది మేస్త్రిగారూ?"

ఆయన ఏదో గొణిగాడు. ఆమె తరచి అడగలేదు. శుక్రవారం ఇక్కడ ఒక రాతి పలక పెడుతున్నామనీ, ఈ ఇటుక కథ దాని మీద రాయిస్తున్నామనీ, మేస్త్రీల్లో అనుకునే అసలు మాట ఎలా ఉంటుందో ఆలోచించి చెప్పమనీ కోరింది.

శుక్రవారానికి మూడు రోజులుంది.

ఇంట్లో అప్పటికే ఆ పలక గురించి తెలిసిపోయింది. చెప్పింది సున్నం అక్కే అయి ఉంటుంది. భార్య అన్నం వడ్డిస్తూ అందుకుంది. ఆ ఇటుక పెట్టింది వాళ్ళ నాన్నయితే, ఎవరో ముక్కూమొహం తెలియని పాతకాలం వాళ్ళ పేరు మీద ఎలా రాస్తారట? ఇంజనీరమ్మతో చెప్పి నాన్న పేరు రాయించాలట. అల్లుడై ఉండి ఆ మాత్రం చెయ్యకపోతే ఎలాగట? రెండో రోజూ అదే పాట. మూడో రోజు పొద్దున్న దణ్ణం పెట్టుకుంటుంటే వెనక నుంచి, "దేవుడికైనా చెప్పుకోండి, నాన్న పేరు గట్టిగా పలకండి" అంది.

చేతులు జోడించినవాడి మనసు పలక మీదికి పోయింది. రాతి మీద చెక్కితే ఇంకో నూరేళ్ళు ఉంటుంది. ఇప్పుడు నోరు మూసుకుంటే ఒక మనిషి ఒక రోజు జాలితో ఆడిన మాట, తరతరాలు చదివే శాసనమవుతుంది. నోరు తెరిస్తే, కన్న తండ్రి మాట పొల్లని కూతురికి చెప్పాలి. పోయినవాళ్ళ పరువు తియ్యడం ధర్మమా? బతికున్న గోడ నీళ్ళు తాగి చెడిపోతుంటే చూస్తూ ఊరుకోవడం ధర్మమా? దేవుడికి ఇటువంటి చిన్న చిన్న చిక్కులు అర్థమవుతాయా అని కూడా అనుకుని, అనుకున్నందుకు లెంపలేసుకున్నాడు.

పనికి వెళ్ళబోతూ గుమ్మంలోనే కూలబడ్డాడు. భార్య భోజనం క్యారేజీ మూత బిగిస్తోంది.

"ఒక మాట చెప్పాలి. ఆ ఇటుక పెట్టింది మీ నాన్న కాదు."

ఆమె చెయ్యి ఆగలేదు.

"నేను పెట్టాను. కావాలని కాదు, మరిచిపోయి. మీ నాన్న నన్ను కాపాడ్డానికి లేని మాట కల్పించాడు. ఆయన్ని తప్పుపట్టడం లేదు, తప్పు నాదే. కానీ ఆ మాట పలక మీద రాయించలేను. నువ్వేమనుకున్నా సరే."

ఆమె క్యారేజీని తెచ్చి ఆయన పక్కన పెట్టి, తనూ గడప మీద కూర్చుంది. కాసేపు వీధిలోకి చూసింది. తర్వాత చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని ఆయన కంగారుపడి చూస్తే, భుజాలు కదిలేలా నవ్వుతోంది.

"ముప్పై అయిదేళ్ళు" అంది. "ముప్పై అయిదేళ్ళు ఎదురుచూశానండీ, ఇది మీ నోట్లోంచి ఎప్పుడు ఊడిపడుతుందా అని. మూడు రోజుల నుంచి పొడుస్తుంటే ఇవాళ పడింది."

ఆయనకి అర్థం కాలేదు. ఆమె చెప్పుకొచ్చింది. సంబంధం అనుకున్నప్పుడే నాన్న ఆమెకి అంతా చెప్పాడట. ఆ ఇటుక సంగతి జరిగాక ప్రతి సెలవునాడూ ఈయన తపాలా ఆఫీసుకి ఎదురుగా, రోడ్డు అవతల నిలబడి తలెత్తి చూసి తలొంచుకుని వెళ్ళిపోయేవాడట. పెద్దమేస్త్రి అది రెండు మూడుసార్లు కనిపెట్టాడట. గోడ ముందు తలొంచుకునేవాడు ఇంట్లో తలెగరెయ్యడమ్మా, చేసుకో, అన్నాడట.

"వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. మా నాన్న పొదుపరి. ఒక్కదాంతో సరిపెట్టాడు."

పుర్ర మేస్త్రి ఇన్నేళ్ళూ ఒక బరువు ఒక్కడే మోస్తున్నానని గొప్పగా కుంగిపోయాడు. పక్కనే ఆమె అదే బరువుని తలగడలా తల కింద పెట్టుకుని హాయిగా నిద్రపోయింది.

"మరి ఆయన ఆడింది పాపమా కాదా?" అని చివరికి అడిగాడు.

"అది నాన్నా, దేవుడూ ఎప్పుడో తేల్చుకుని ఉంటారు. మీకు అప్పజెప్పింది అది కాదు కదా. ముఖం బాకీ అన్నాడట. అది తీర్చారా?"

లేదన్నట్టు తల ఊపాడు. ఆమె లేచి చీర సరిచేసుకుని, క్యారేజీ తనే అందుకుంది. తనూ వస్తానంది.

ఇంజనీరమ్మకి చెప్పడం అనుకున్నంత కష్టం కాలేదు. గోడకి ఎదురుగా నిలబడి, తడబడుతూనే మొత్తం చెప్పాడు. గోనెపట్టాలు, ఎడమచెయ్యి, పెద్దమేస్త్రి తలపాగా, అన్నీ. ఆమె పుస్తకం మూసి వింది. అందుకే అంత గట్టిగా ఉందన్నమాట, తాగింది ముప్పై ఆరేళ్ళే కదా అని తన లెక్క కుదిరినందుకే సంతోషపడింది. కట్టినవాళ్ళు కావాలని పెట్టినదైతే ముట్టుకునే హక్కు ఎవరికీ లేదట. బాగుచేసేటప్పుడు జరిగిన పొరపాటైతే, దిద్దడమే పద్ధతట. శుక్రవారం పెట్టే పలక మీద ఏం రాయాలో తను చూసుకుంటానంది. ముందు దాని ఫొటోలు తీసుకుని, మీరు కానివ్వండి మేస్త్రిగారూ అంది.

ఆయన సారువ ఎక్కాడు. సందు చుట్టూ సన్నటి ఉలితో గీకడం మొదలుపెట్టాడు. పైపైన పూసిన సిమెంటు మొండికేసింది. దాని వెనక పెద్దమేస్త్రి కాలం నాటి సున్నం మాత్రం చెప్పిన మాట విన్నట్టు పొడిపొడిగా రాలింది. సిమెంటు తప్పుని పట్టుకుని కూర్చుంటుంది, సున్నం దిద్దుకోనిస్తుంది అని మామగారు అనేవాడు. గంటన్నరకి ఇటుక కదిలింది. రెండు చేతులతో అటూ ఇటూ ఊపి, పురిటి బిడ్డని అందుకున్నట్టు బయటికి తీశాడు.

తిప్పి చూశాడు.

ముప్పై ఆరేళ్ళుగా ఎండ చూడని ముఖం. వాన చూడలేదు, పొగ చూడలేదు. తోటి ఇటుకలన్నీ ఇన్నేళ్ళ దుమ్ముకి ముదురు రంగు తిరిగాయి. ఇది కడిగి మళ్ళీ కట్టిన నాటి ఎరుపుతో, అంచు కూడా చెదరకుండా అలాగే ఉంది. ఎవరూ చూడకపోయినా అది ముఖంగానే ఉండిపోయింది. చీకట్లో, గోడ కడుపులో, ఎవరి కోసం? ఆయనకి దణ్ణం పెట్టాలనిపించింది గానీ చేతులు ఖాళీగా లేవు.

ఖాళీ అయిన గూటిని కుంచెతో దులిపి, తడిపి, మాలు పరిచాడు. ఇటుకని కిందికి పంపి నీళ్ళ బకెట్లో ముంచమన్నాడు. అది బుడగలు వదులుతూ గుటకలు వేసింది. నానాక సున్నం అక్క దాన్ని రెండు చేతులా పట్టుకుని, మోకాళ్ళు పట్టుకుపోతున్నా నిచ్చెన ఎక్కి తనే పైకి వచ్చింది. ఇవ్వకుండా కాసేపు దాన్నే చూస్తూ నిలబడింది.

"ఆ రోజు నీకు ఇటుకలు అందించింది నేనే, గుర్తుందా?" అంది. "నీ వాటానికి నేనే తిప్పి ఇచ్చేదాన్ని, నువ్వెప్పుడూ కనిపెట్టలేదు. ఆ పూట నా పాట గేదె అరిచినట్టుందన్నావు. ఒళ్ళు మండి ఒక్కటి తిప్పకుండా అందించాను. నువ్వే తిప్పుకుంటావులే అనుకున్నాను."

రోజుకి మూడొందల సార్లు తనే తిప్పుకున్నానని ఆయన ఇన్నేళ్ళూ నమ్మాడు. ఎంతసేపటికీ తన తప్పు గురించే ఆలోచించాడు గానీ, తన ఒప్పులో ఇంకొకరి చెయ్యి ఉందని తోచలేదు.

"నీ పాట ఇప్పటికీ అలాగే ఉందక్కా" అన్నాడు.

"తెలుసులేరా" అని, ఆమె ఇటుకని ఎడమచేతి మనిషికి అందించాల్సిన వాటంలో, ముఖం ఎటుండాలో అటే ఉండేలా, శ్రద్ధగా తిప్పి ఆయన కుడిచేతిలో పెట్టింది.

గూట్లో పెట్టాడు. దారం లాగి చూసుకున్నాడు. తాపీ పిడితో రెండుసార్లు తట్టాడు. సందుల్లో మాలు నొక్కి, తడిగుడ్డతో ముఖం తుడిచాడు. కింద భార్య, ఇంజనీరమ్మ, ఉత్తరాల సంచితో బయటికి వచ్చిన పోస్టుమాను తలలెత్తి చూస్తున్నారు. పాత గోడ మధ్య ఆ ఒక్క ఇటుకా కొత్త పెళ్ళికూతురిలా ఎర్రగా వెలిగిపోతోంది. ఇంతకుముందైనా వెతుక్కోవాలి, ఇప్పుడు రోడ్డు మలుపు నుంచే తెలిసిపోతుంది అని పోస్టుమాను పెద్దగా నవ్వాడు. నాలుగు వానలు పడితే కలిసిపోతుందిలెండి అంది ఇంజనీరమ్మ.

పుర్ర మేస్త్రి దిగి, తాపీ కడుక్కుని, రోడ్డు దాటాడు. ఒకప్పుడు సెలవునాడల్లా నిలబడిన చోటే నిలబడ్డాడు. భార్య వచ్చి పక్కన నిలబడింది. ఆయన తలెత్తి పదకొండో వరుస దాకా లెక్కపెట్టాడు, కుడి నుంచి ఏడు లెక్కపెట్టాడు. లెక్క అయిపోయాక కూడా తల దించలేదు.

"చెల్లిపోయింది మావయ్యా" అన్నాడు.